మందులకూ యూరిక్ యాసిడ్‌కూ ఒకే గుమ్మం

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నెల రోజుల క్రితం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "సార్, ఈసారి కిడ్నీల మీద మాట్లాడండి, మన వైద్య సహాయం డబ్బులో పెద్ద భాగం డయాలిసిస్ వాళ్లకే పోతోంది" అన్నారు. డయాలిసిస్ గురించి నాకంటే బాగా చెప్పగల డాక్టర్లు ఈ హాల్లోనే ఉన్నారు. నేను మెడికల్ కాలేజీలో ఫార్మకాలజీ, అంటే మందుల శాస్త్రం, చెప్పి రిటైరైన వాడిని. నాకు తెలిసింది మందు ఒంట్లోకి ఎలా వెళుతుంది, ఎలా బయటకు వస్తుంది అన్నది. అందుకని ఒక జపాన్ శాస్త్రవేత్త పని గురించి చెబుతాను. జపాన్ సంగతి మనకెందుకు అనుకోకండి. మీరిచ్చే డబ్బుతో కొనే మాత్రలకూ దానికీ సంబంధం ఉంది.

ముందు మా వీధి దర్జీ సంగతి. పేరు చెప్పను. నలభై దాటిన మనిషి. టీబీ వచ్చింది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులు మొదలుపెట్టాడు. మూడో వారానికి దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది. నాలుగో వారంలో భుజాలు, మోకాళ్లు, చీలమండలు పట్టేశాయి. మిషన్ తొక్కలేకపోయాడు. ఎవరో చెబితే ఒక ల్యాబుకు వెళ్లి రక్తం ఇచ్చాడు. యూరిక్ యాసిడ్ 11 అని కాగితం వచ్చింది. "ఈ మాత్రలు నీ కిడ్నీలను తినేస్తున్నాయి" అని అక్కడెవరో అన్నారట. ఆ కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. నేను ఒక వలీమాకు బయలుదేరుతున్నాను. "ఏం కాదు భాయ్, మాత్రలు మాత్రం మానకు" అన్నాను. ఎందుకు ఏం కాదో చెప్పలేదు. చెప్పులు వేసుకుంటూ అన్న మాటను ఎవరు నమ్ముతారు? మానేశాడు. ఐదు నెలలకు దగ్గులో నెత్తురు పడింది. మళ్లీ మొదటి నుంచి కోర్సు. అల్‌హమ్దులిల్లాహ్, బతికాడు. కానీ ఈలోగా ఇంట్లో చిన్న కూతురికి అంటుకుంది.

ఆ రోజు నేను రెండు నిమిషాలు నిలబడి చెప్పి ఉంటే సరిపోయేది. ఆ రెండు నిమిషాల మాట వెనక దాదాపు ఎనభై ఏళ్ల పరిశోధన ఉంది. ఆ రోజు ఒక్కడికి చెప్పనిది ఈ రోజు మీ అందరికీ చెబుతాను.

కిడ్నీ అనగానే మనకు జల్లెడ గుర్తొస్తుంది. అది సగమే నిజం. రోజుకు సుమారు 180 లీటర్ల నీరు రక్తంలోంచి వడపోతకు దిగుతుంది. మూత్రంగా వచ్చేది లీటరున్నర, మహా అయితే రెండు. మిగిలినదంతా సన్నటి గొట్టాలు తిరిగి రక్తంలోకి లాగేస్తాయి. ఒక్కో కిడ్నీలో ఇలాంటి గొట్టాలు సుమారు పది లక్షలు. ఆ గొట్టాల గోడల్లో ఉండే కణాలే మన కథలో ముఖ్యమైనవి. పనికొచ్చేదాన్ని అవి వెనక్కి లాగుతాయి. పనికిరానిదాన్ని రక్తంలో వెతికి పట్టుకొని మూత్రంలోకి తోస్తాయి. ఈ తోయడం ఉందా లేదా అని పెద్ద వాదన నడిచింది. 1923లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో మార్షల్ అనే ఆయన కుక్కలకు ఒక ఎర్ర రంగు ఎక్కించి చూశాడు. జల్లెడ గుండా పడగలిగినదానికంటే ఎక్కువ రంగు మూత్రంలోకి వచ్చింది. కొన్నేళ్లకు ఆయనే ఒక సముద్రపు చేపను పట్టుకొచ్చాడు. ఆ చేప కిడ్నీలో జల్లెడ భాగమే ఉండదు, ఉన్నవన్నీ గొట్టాలే. అయినా రంగును బయటకు పంపింది. దాంతో గొట్టం గోడ స్వయంగా తోస్తుందని తేలిపోయింది.

ఇది రంగుల ఆట కాదని రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తెలిసింది. 1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు మనిషికి పెనిసిలిన్ ఇచ్చారు. ముఖం నిండా చీము పట్టి చావుకు దగ్గరైన వాడు ఒకటి రెండు రోజుల్లో తేరుకోవడం మొదలుపెట్టాడు. కానీ మందు చాలా కొద్దిగా ఉంది. పైగా ఇచ్చిన మందును కిడ్నీలు గంటల్లోనే మూత్రంలోకి తోసేస్తున్నాయి. ఆయన మూత్రాన్ని సీసాల్లో పట్టి, సైకిల్ మీద ప్రయోగశాలకు తీసుకెళ్లి, అందులోంచి పెనిసిలిన్ మళ్లీ తీసి ఆయనకే ఎక్కించారు. అదీ అయిపోయింది. మార్చిలో ఆయన చనిపోయాడు. ఈ కథ చెప్పినప్పుడల్లా క్లాసులో అల్లరి పిల్లలు కూడా నిశ్శబ్దంగా వినేవారు.

అప్పుడు కొందరికి ఒక ఆలోచన వచ్చింది. పెనిసిలిన్ బయటకు పోయే గుమ్మంలో మరొకరిని అడ్డంగా నిలబెడితే? ఆ వెతుకులాటలో కార్ల్ బేయర్ అనే అమెరికన్, ఆయన తోటివారు ప్రొబెనెసిడ్ అనే మందు తయారుచేశారు. 1950ల మొదటికి అది వాడకంలోకి వచ్చింది. దాన్ని ఇస్తే పెనిసిలిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచింది. విచిత్రం ఏమిటంటే, అదే మందు ఇచ్చిన వాళ్ల మూత్రంలో యూరిక్ యాసిడ్ ఎక్కువగా పోయింది. న్యూయార్క్‌లో గట్‌మన్, త్సాయ్-ఫాన్ యూ అనే ఇద్దరు దీన్ని పట్టుకొని గౌట్ రోగులకు వాడి మేలు చూపించారు. ఒకే మందు పెనిసిలిన్‌ను లోపల ఆపుతుంది, యూరిక్ యాసిడ్‌ను బయటకు పంపుతుంది. ఇదెలా? గోడలో గుమ్మాలున్నాయని అందరూ నమ్మారు. కానీ గుమ్మాన్ని చూసినవాడు లేడు. దీనికి జవాబు దొరకడానికి మరో యాభై ఏళ్లు పట్టింది.

ఇక్కడ యూరిక్ యాసిడ్ గురించి రెండు మాటలు. అది బయటి నుంచి వచ్చిన విషం కాదు. మన కణాలు పాతబడి విరిగినప్పుడు, మాంసం, చేపలు తిన్నప్పుడు మిగిలే తుక్కు. చాలా జంతువులకు దాన్ని ఇంకా విరగ్గొట్టే ఎంజైము ఉంది. మనిషి వంశంలో అది కోటి సంవత్సరాలకు పైగా క్రితమే పోయింది. అందుకే మన రక్తంలో యూరిక్ యాసిడ్ మిగతా జంతువులకంటే ఎక్కువ. ఇంకా వింత, జల్లెడలో పడిన యూరిక్ యాసిడ్‌లో దాదాపు 90 శాతాన్ని కిడ్నీ తిరిగి వెనక్కి లాక్కుంటుంది. తుక్కును ఇంట్లోకి తెచ్చుకోవడం ఎందుకో శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే అది సూదుల్లాంటి పలుకులుగా పేరుకోగలదు. ఆ సూదులు బొటనవేలి కీలులో చేరి రాత్రికి రాత్రి ఎర్రగా ఉబ్బితే అది గౌట్. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. మన యునానీ హకీములు దీనికి సూరింజాన్ ఇచ్చేవారు. దాని జాతి మొక్క నుంచే 1820లో కోల్చిసిన్ తీశారు, ఇప్పటికీ వాడుతున్నాం. అది మంటను తగ్గిస్తుందే తప్ప యూరిక్ యాసిడ్‌ను తగ్గించదు.

ఇక జపాన్ సంగతి. టోక్యోలోని క్యోరిన్ విశ్వవిద్యాలయంలో ఫార్మకాలజీ ప్రొఫెసర్ హితోషి ఎండో. ఆయన బృందం కిడ్నీ గుమ్మాన్ని పట్టుకోవడానికి ఎంచుకున్న పనిముట్టు కప్ప గుడ్డు. నవ్వకండి. ఆఫ్రికా కప్ప గుడ్డు మిల్లీమీటరు పైచిలుకు ఉంటుంది, కంటికి కనబడుతుంది, సూదితో పొడిచినా బతుకుతుంది. దాని సుగుణం ఏమిటంటే చెప్పింది చేస్తుంది. ఎలుక కిడ్నీలోని జన్యు సందేశాలను తీసి అందులో ఎక్కిస్తే, ఆ సందేశంలో ఏ గుమ్మం తయారీ రాసి ఉంటే ఆ గుమ్మాన్ని తన ఒంటి మీద కట్టుకుంటుంది. వేలకొద్దీ సందేశాలను గుంపులు గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపును గుడ్లకు ఎక్కించి, గుర్తు కోసం రేడియోధార్మికత కలిపిన పదార్థంలో నానబెట్టి, ఏ గుడ్డు దాన్ని లోపలికి లాగిందో చూశారు. లాగిన గుంపును మళ్లీ విడదీశారు, మళ్లీ చూశారు, ఒక్క సందేశం మిగిలేదాకా. 1997లో అది దొరికింది. దానికి ఓఏటీ1 అని పేరు. అదే ఏడాది అమెరికాలో మరో బృందం కూడా దాన్ని పట్టుకుంది.

ఈ గుమ్మం మామూలు తలుపు కాదు. పెద్ద హోటళ్లలో గిర్రున తిరిగే తలుపు చూశారు కదా, అలాంటిది. ఇటు నుంచి ఒకరు వస్తే అటు నుంచి ఒకరు వెళ్లాలి. లోపలున్న ఒక పదార్థాన్ని బయటకు వదులుతూ రక్తంలోని మందును కణంలోకి లాగుతుంది. ఈ గుమ్మంలోనూ, తర్వాత దొరికిన దీని తోబుట్టువుల్లోనూ వెళ్లే మందుల జాబితా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పెనిసిలిన్ జాతి, నీరు తీసే మాత్రలు, కొన్ని వైరస్ మందులు, కీళ్లవాతానికి వారానికోసారి ఇచ్చే మెథోట్రెక్సేట్. మన షుగరు రోగులు మింగే మెట్‌ఫార్మిన్‌కు పక్కన మరో గుమ్మం ఉంది. ఒకే గుమ్మం దగ్గర ఇద్దరు తోసుకుంటే ఒకరు రక్తంలోనే ఆగిపోతారు. మెథోట్రెక్సేట్ వాడేవారు అడగకుండా నొప్పి మాత్ర వేసుకోకూడదనడానికి ఇదొక కారణం.

అయితే ఇది రక్తం వైపు గుమ్మం. యూరిక్ యాసిడ్‌ను వెనక్కి లాగేది మూత్రం వైపు ఉండాలి. మనిషి జన్యువుల పట్టిక అప్పుడప్పుడే వెలువడింది. ఎండో బృందంలోని అత్సుషి ఎనొమోతో, కనాయ్, మిగతావారు తాము పట్టిన గుమ్మాల పోలిక ఉన్న జన్యువు కోసం ఆ పట్టికలో వెతికారు. దొరికినదాన్ని మళ్లీ కప్ప గుడ్డుకే ఎక్కించారు. గుడ్డు యూరిక్ యాసిడ్‌ను లోపలికి లాగింది. దానికి యూరాట్1 అని పేరు పెట్టారు. కానీ గుడ్డు లాగినంత మాత్రాన మనిషిలోనూ అదే పని చేస్తుందని నమ్మకమేమిటి? జపాన్‌లో కొందరికి పుట్టుకతోనే రక్తంలో యూరిక్ యాసిడ్ దాదాపు ఉండదు, అంతా మూత్రంలో పోతుంది. అలాంటివారి జన్యువు చూశారు. సరిగ్గా ఈ జన్యువే విరిగి ఉంది. విరిగిన సందేశాన్ని గుడ్డుకు ఎక్కిస్తే గుడ్డు కదల్లేదు. 2002 మేలో నేచర్ పత్రికలో అచ్చయింది. నా లెక్కలో ఈ పరిశోధన మొత్తంలో అందమైన మెట్టు ఇదే. యంత్రాలు గొప్పవి కావడం వల్ల కాదు, జబ్బు మనిషినే సాక్షిగా నిలబెట్టడం వల్ల.

యూరిక్ యాసిడ్ అసలు లేకపోవడం అదృష్టమేమో అనుకోకండి. ఆ గుమ్మం విరిగినవాళ్లలో కొందరికి గట్టిగా పరుగు పందెం పెట్టుకున్నాక హఠాత్తుగా కిడ్నీలు ఆగిపోతాయి.

యాభై ఏళ్ల చిక్కు కూడా ఇక్కడే విడిపోయింది. ప్రొబెనెసిడ్ రెండు వైపుల గుమ్మాలకూ అడ్డం నిలుస్తుంది. బయటకు తోసే గుమ్మం మూస్తే పెనిసిలిన్ లోపల ఆగుతుంది, లోపలికి లాగే గుమ్మం మూస్తే యూరిక్ యాసిడ్ బయటకు పోతుంది. బీపీకి వాడే లోసార్టన్ కూడా యూరాట్1ను కొంత మూస్తుందని తేలింది. ఆ ఒక్క గుమ్మం కోసమే చేసిన డోటినురాడ్ అనే మందుకు జపాన్‌లో 2020లో అనుమతి వచ్చింది.

ఇప్పుడు మా దర్జీ దగ్గరికి వద్దాం. టీబీకి మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపి ఇస్తారు. అందులో ఒకటి పైరజినమైడ్. లివరు దాన్ని పైరజినోయిక్ యాసిడ్‌గా మారుస్తుంది. అది కిడ్నీ గొట్టంలోకి వచ్చి గోడ కణంలో చేరుతుంది. యూరాట్1 కూడా తిరుగుడు తలుపే అన్నాను కదా, లోపల పైరజినోయిక్ యాసిడ్ నిండుగా ఉంటే అది బయటకు పోతూ తలుపును వేగంగా తిప్పుతుంది. తిరిగినప్పుడల్లా ఒక యూరిక్ యాసిడ్ వెనక్కి వస్తుంది. రక్తంలో అంకె పెరుగుతుంది, కొందరికి కీళ్లు నొప్పెడతాయి. అంటే ల్యాబు కాగితంలో 11 అన్నది కిడ్నీ చెడిందని చెప్పడం లేదు. తలుపు ఎక్కువగా తిరుగుతోందని చెబుతోంది. సాధారణంగా రెండు నెలల తర్వాత పైరజినమైడ్ ఆపగానే అంకె దిగుతుంది. నొప్పికి ఏం వాడాలో మందులు ఇచ్చే చోటే చెబుతారు. కీలు ఎర్రగా వాచితే, కళ్లు పచ్చబడితే, చూపు మసకబారితే మాత్రం అదే రోజు వెళ్లాలి. ఇంతే. నేను వలీమాకు ఆలస్యమవుతుందని మింగేసిన మాటలు ఇవే.

దాతలతో మాట్లాడే అవకాశం మళ్లీ రాదు కాబట్టి కాస్త కటువుగా ఒక మాట. మనం పెట్టే వైద్య శిబిరాల్లో ఎక్కువగా పంచేది ఏమిటి? నొప్పి మాత్రలు. కిందటి శిబిరంలో ఆ బల్ల దగ్గర నేనే కూర్చున్నాను. అరవై ఐదేళ్ల ఖాలా ఒకరు మోకాళ్లు పట్టుకొని వచ్చారు. "బేటా, పోయినసారి ఇచ్చిన ఆ మాత్రలే ఇవ్వు, నమాజుకు కూర్చుని లేవగలుగుతున్నాను" అన్నారు. సంచీలో చూస్తే బీపీ మాత్ర, నీరు తీసే మాత్ర ఉన్నాయి. ఆ రెండింటి మీద డైక్లోఫెనాక్ పడితే కిడ్నీకి రక్తం అందడం తగ్గిపోతుంది. నొప్పి మాత్ర చేసే ప్రధాన హాని గుమ్మాల దగ్గర కాదు, రక్తం దారి దగ్గర. ఉపవాసపు రోజుల్లో, ఎండాకాలంలో నీళ్లు తగ్గినప్పుడు ఇది ఇంకా ప్రమాదం. ఆమెకు క్రియాటినిన్ చేయించాక గానీ మాత్ర ఇవ్వనన్నాను. చేయించడానికి శిబిరంలో ఏర్పాటు లేదు. ఉత్త చేతులతో వెళ్లిపోయారు, నన్ను నాలుగు మాటలు అనుకుంటూ.

డైక్లోఫెనాక్ అన్నాను కాబట్టి రాబందుల సంగతి కూడా చెప్పాలి. మన చిన్నప్పుడు ఊరి బయట గుంపులుగా వాలేవి. ఇప్పుడు లేవు. మన దేశంలో, పాకిస్తాన్‌లో, నేపాల్‌లో తెల్లవీపు రాబందులు నూటికి 95కు పైగా పోయాయి. పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా వాటికి చేరిందని 2004లో తేలింది. వాటి కిడ్నీలు ఆగిపోయి, గుండె మీద, లివరు మీద యూరిక్ యాసిడ్ తెల్లటి సున్నంలా పేరుకుంది. భారత ప్రభుత్వం 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. పక్షి కిడ్నీ మన కిడ్నీ లాంటిది కాదు, నిజమే. అయినా ఆ బొమ్మలు చూసినవాడికి మాత్రల స్ట్రిప్పును చాక్లెట్లలా పంచాలనిపించదు.

ఉద్దానం సంగతి అడుగుతారని తెలుసు. అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. దాన్ని నేను ఈ కథతో ముడిపెట్టను.

ఇంకో చిన్న సంగతి. ఈమధ్య హెల్త్ ప్యాకేజీల్లో యూరిక్ యాసిడ్ పరీక్ష కలిపేస్తున్నారు. 7.5 వచ్చిందని పప్పు మానేసినవాళ్లు నాకు తెలుసు. నొప్పీ వాపూ రాళ్లూ ఏమీ లేనివారికి అంకె కొంచెం పెరిగినంత మాత్రాన మందు అక్కర్లేదు. పప్పులతో గౌట్ ముప్పు పెరగదని పెద్ద అధ్యయనాలే చెప్పాయి. పెంచేవి మాంసం, చేపలు, రొయ్యలు, మద్యం, తియ్యటి కూల్‌డ్రింకులు. మద్యం మన ఇళ్లలో లేదనుకుందాం. దావత్‌లో బిర్యానీ, పాయా తర్వాత రెండు గ్లాసుల కూల్‌డ్రింకు సంగతి మీకే వదిలేస్తున్నాను.

కార్యవర్గానికి నా విన్నపం రెండు పనులు. శిబిరాల్లో యూరిక్ యాసిడ్ పరీక్షకు పెట్టే డబ్బును క్రియాటినిన్‌కు, మూత్రంలో అల్బుమిన్ పరీక్షకు మళ్లించండి. యాభై దాటినవారికి, బీపీ, షుగరు ఉన్నవారికి ఆ రెండూ చూడకుండా నొప్పి మాత్ర ఇవ్వవద్దు. దీనివల్ల శిబిరానికి వచ్చేవారి సంఖ్య తగ్గవచ్చు, సావనీరులో వేసే ఫొటోలో క్యూ చిన్నదిగా కనిపించవచ్చు. దాతలు దాన్ని తప్పుగా తీసుకోరనుకుంటున్నాను.

రెండోది, టీబీ రోగులకు మనం నెలనెలా ఇచ్చే పౌష్టికాహారం కిట్ గురించి. కందిపప్పు, పల్లీలు, నూనె, గుడ్ల డబ్బులు, అన్నీ బాగున్నాయి. అందులో ఒక చిన్న కాగితం కూడా పెట్టండి. రాసి తెచ్చాను, చదువుతాను: "మొదటి రెండు నెలల్లో కీళ్ల నొప్పులు రావచ్చు. యూరిక్ యాసిడ్ పెరగవచ్చు. అది ఈ మందుల్లో ఒకదాని వల్ల. అంటే కిడ్నీ పాడైనట్టు కాదు. మీ అంతట మీరు మందులు ఆపకండి. మందులు ఇచ్చిన చోట ఈ నొప్పి సంగతి చెప్పండి. కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా, కీలు ఎర్రగా వాచినా ఆ రోజే వెళ్లండి."

తెలుగులో నేను రాశాను. వెనక వైపు ఉర్దూలో రాసింది మా దర్జీ చిన్న కూతురు. కోర్సు పూర్తిచేసింది, ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. దస్తూరీ నాదానికంటే చాలా బాగుంది, అచ్చుకు అదే ఇవ్వండి.